రెండేళ్ల చదువుకు విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు కష్టపడి చదివి, మెకానికల్ ఇంజనీరింగుకు బర్కిలీ, శాన్ డియేగో, శాన్ హోసే స్టేట్ మూడింటిలోనూ నేరుగా మూడో సంవత్సరంలో చేరే ట్రాన్స్‌ఫర్ సీటు తెచ్చుకున్నావని మీ నాన్న చెప్పగానే ఇంట్లో అందరం ఎంతో సంతోషించాం. బర్కిలీ, శాన్ డియేగో అనే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకు జూన్ 1 లోగా నీ నిర్ణయం తెలపాలి కనుక ఆలస్యం చేయక రాస్తున్నాను.

నీకు మిగిలినవి రెండేళ్లే. నాలుగేళ్ల కోసం చేరేవారి లెక్క నీకు సరిపోదు. అందుకే పేరు, ఫీజు, హాస్టలు గురించి ఆలోచించే ముందు, నువ్వు చదివిన కోర్సుల్లో ఏవేవి ఎక్కడ చెల్లుతాయో చూసుకో. మీ అన్నయ్య ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు ఆ విశ్వవిద్యాలయం పేరు చూసి మురిసిపోయి, మేము ఆ పని చేయలేదు. చేరిన వారానికి భోజనాల బల్ల మీద ట్రాన్స్‌క్రిప్టు పరిచి, ఒక్కొక్క కోర్సు పక్కన పెన్సిలుతో గుర్తు పెడుతూ పోతే, వాడు చదివిన స్టాటిక్స్ (కదలని వస్తువుల మీది బలాల లెక్క) కోర్సును అక్కడ తప్పనిసరి కోర్సుగా కాక ఎలెక్టివ్‌గా మాత్రమే లెక్కించారని తేలింది. దాని తరువాతి కోర్సు ఏడాదికి ఒక్కసారే పెట్టేవారు కావడంతో, రెండేళ్ల చదువు మూడేళ్లయింది. ఏ కాలేజీ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో చూపే అసిస్ట్ వెబ్‌సైటులో నీకు ఈ వివరాలు దొరుకుతాయి. అయినా ప్రతి క్యాంపస్ మెకానికల్ విభాగపు సలహాదారునికీ ఈమెయిలు రాసి, రెండేళ్లలో పట్టా వచ్చేలా కోర్సుల వరుస తెప్పించుకో.

ఖర్చు విషయంలో ఫీజు ఒక్కటే చూడవద్దు. కాలిఫోర్నియా వాసులకు యూసీలో ఏడాదికి 15 వేల డాలర్ల పైచిలుకు, శాన్ హోసే స్టేట్‌లో దాదాపు అందులో సగం అవుతుంది. కాని అసలు తేడా అద్దెలో ఉంది. శాన్ హోసే స్టేట్‌కైతే సన్నీవేల్‌లోని మీ ఇంటి నుంచే ఎల్ కమీనో మీద వెళ్లే 522 బస్సులో పోయి రావచ్చు. బర్కిలీ, శాన్ డియేగోలలో గది, తిండి కలిపి ఫీజును మించిపోతాయి. ఆర్థిక సహాయపు పత్రంలో తిరిగి కట్టనక్కరలేని గ్రాంటు ఎంత, అప్పు ఎంత అన్నది విడిగా రాసుకో. రెండింటినీ కలిపి సాయం అనుకొని పొరబడే తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

పేరు విలువ లేనిదని నేను అనను. బర్కిలీ పేరు చెబితే ఎక్కడైనా గుర్తిస్తారు, పై చదువులకు వెళ్లాలనుకుంటే అక్కడి పరిశోధనశాలలు నీకు ఎంతో మేలు చేస్తాయి. అయితే మూడు చోట్లా మెకానికల్ కోర్సుకు, ఇంజనీరింగు కోర్సుల నాణ్యతను పరిశీలించే ఏబెట్ సంస్థ గుర్తింపు ఉంది, శాన్ హోసే స్టేట్ పట్టభద్రులు మన సిలికాన్ లోయలోని కంపెనీలలో ఎందరో పనిచేస్తున్నారు. నా అభిప్రాయం అడిగితే, రెండేళ్లలో పూర్తవుతుందని రాతపూర్వకంగా తెలిసి, మీ నాన్న ఇంటి మీద అప్పు తేనక్కరలేకపోతే, బర్కిలీకే వెళ్లు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, సంకోచించకుండా ఇంటి దగ్గరే చదువుకో.

క్యాంపస్ జీవితం గురించి మీ అమ్మ దిగులుపడుతోంది. వారాంతంలో కాక, పని రోజు మధ్యాహ్నం క్యాంపస్‌కు వెళ్లి, వర్క్‌షాపులో మూడో సంవత్సరంలో చేరినవారు ఎందరున్నారో అడుగు. అప్పటికే రెండేళ్లుగా కలిసి చదువుతున్న వారి మధ్యకు నువ్వు కొత్తగా వెళ్తావు, పైగా చేరిన కొద్ది వారాలకే వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్పుల ఇంటర్వ్యూలు మొదలవుతాయి. బర్కిలీది సెమిస్టరు పద్ధతి, శాన్ డియేగోది నీకు అలవాటైన, అంతకంటే చిన్న విడతల క్వార్టరు పద్ధతి. ఇది కూడా గమనించు.

ఎక్కడికి వెళ్లినా, ఈ వసంత క్వార్టరులో తీసుకున్న కోర్సు ఏదీ వదలవద్దు, సీటు దాని మార్కుల మీదనే నిలుస్తుంది. సలహాదారుల జవాబులు రాగానే నాకు పంపు, ఆదివారం మీ నాన్నతో కలిసి ముగ్గురం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న