నాలుగు చక్రాల పట్టు, క్లచ్ మీద భారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాది మాన్యువల్ గేర్లున్న ఆల్-వీల్-డ్రైవ్ (ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే) టర్బో కారు. 35 వేల కిలోమీటర్లకే క్లచ్ ప్లేటు అయిపోయింది. దాదాపు అంతే పవరున్న ఫ్రంట్-వీల్-డ్రైవ్ కారు నడిపే మా స్నేహితుడికి లక్ష దాటినా మొదటి ప్లేటే నడుస్తోంది. ప్లేటులోనే లోపం ఉందంటారా?

జవాబు: ప్లేటును అనుమానించే ముందు కారు కదిలే తీరు చూడండి. మీ స్నేహితుడు ఆర్‌పీఎం పెంచి పెడల్ టక్కున వదిలితే ముందు టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అదనపు శక్తి అంతా టైరు రబ్బరులో ఖర్చయిపోతుంది. మీ కారులో నాలుగు టైర్లూ రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. తిరుగుతున్న ఇంజనుకూ ఆగి ఉన్న కారుకూ మధ్య ఏదో ఒకటి జారక తప్పదు. టైర్లు జారనంటే ఆ పని క్లచ్ మీద పడుతుంది.

ఎంత వేడి పుడుతుందో లెక్క కట్టవచ్చు. ఇంజను వేగం స్థిరంగా ఉంచి క్లచ్ పూర్తిగా పట్టేదాకా జారనిస్తే, ఆ క్షణానికి కారుకు ఎంత గతిశక్తి వచ్చిందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. 1,500 కిలోల కారు మొదటి గేరులో 5,000 ఆర్‌పీఎం దగ్గర గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ఉంటుందనుకుందాం. అప్పుడు పుట్టే వేడి సుమారు 117 కిలోజౌళ్లు. అదే 2,500 ఆర్‌పీఎంతో బయలుదేరితే 29 మాత్రమే. ఆర్‌పీఎం రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. క్లచ్‌ను కప్పే గూడు (బెల్ హౌసింగ్) మూసి ఉంటుంది, లోపల గాలి ఆడదు. అందుకే ఒక గట్టి లాంచ్ (ఆగి ఉన్న కారును ఒక్కసారిగా దూకించడం) తట్టుకున్న ప్లేటు, వెంటవెంటనే నాలుగైదు చేస్తే మాడిపోతుంది.

టర్బో కార్లలో ఇంకో చిక్కుంది. బూస్ట్ (టర్బో ఇంజనులోకి నెట్టే అదనపు గాలి ఒత్తిడి) రాకముందు కింది ఆర్‌పీఎంలో లాగుడు తక్కువ. దాంతో డ్రైవరు తెలియకుండానే ఎక్కువ రేజ్ చేసి, హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు నడిపిస్తాడు. క్లచ్ ఆయుష్షు తేల్చేది ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత ఆర్‌పీఎంలో జారనిచ్చారన్నదే.

రోజువారీ డ్రైవింగులో 1,200–1,500 ఆర్‌పీఎంతో కదిలించి, ఒకటి రెండు సెకన్లలో పెడల్ పూర్తిగా వదిలేయండి. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు వాడండి, క్లచ్ మీద కారును నిలబెట్టొద్దు. ట్రాక్ మీద గట్టిగా లాంచ్ చేయాలంటే 3,000–3,500 దగ్గర పెడల్‌ను త్వరగా పట్టు పాయింటుకు తెచ్చి, ఆర్‌పీఎం మరీ పడిపోకుండా యాక్సిలరేటర్ కలుపుతూ, ప్లేటు పట్టగానే వదిలేయండి. ఆ తర్వాత కనీసం ఐదు నిమిషాలు క్లచ్ ముట్టుకునే పని తక్కువగా ఉండేలా నెమ్మదిగా నడపండి. పెడల్ మీద నుంచి కాలు ఒక్కసారిగా పక్కకు తీసేస్తే క్లచ్ బతుకుతుంది నిజమే, కానీ ఆ దెబ్బ గేరు పళ్లకూ యాక్సిల్ షాఫ్టులకూ తగులుతుంది. వాటి ముందు క్లచ్ ఖర్చు చిన్నది.

ప్రశ్న: పవరు పెరిగేలా ఈసీయూ (ఇంజను కంప్యూటర్) రీమ్యాప్ చేయించాక నాలుగు, ఐదు గేర్లలో యాక్సిలరేటర్ నొక్కితే ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. కింది గేర్లలో మాత్రం బాగానే ఉంది.

జవాబు: క్లచ్ జారుతోంది. పై గేర్లలో కారు ఇంజనుకు ఎక్కువ బరువుగా తగులుతుంది కాబట్టి లోపం ముందు అక్కడే బయటపడుతుంది. ఖాళీ రోడ్డు మీద ఐదో గేరులో 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి చూడండి. బూస్ట్ వచ్చే సమయానికి సూది వేగంతో సంబంధం లేకుండా పైకి దూకితే ఇక సందేహం లేదు. పరీక్ష ఒక్కసారి చాలు.

సింగిల్ ప్లేటు మోయగల టార్క్ అంటే రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును నొక్కి పట్టే స్ప్రింగు పళ్లెం) బిగింపు బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, రెండు ముఖాలు, ఇవన్నీ గుణించగా వచ్చేది. గుణకం 0.3, బిగింపు 8,000 న్యూటన్లు, వ్యాసార్థం 0.1 మీటరు అయితే 480 న్యూటన్ మీటర్లు. వేడెక్కి గుణకం 0.25కు పడితే మిగిలేది 400. కంపెనీ 400 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) ఇంజనుకు కొద్దిపాటి మిగులుతో ఇచ్చిన క్లచ్, రీమ్యాప్‌తో 480 దాటగానే చేతులెత్తేస్తుంది.

కొత్తది మార్చే ముందు పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ కదలకముందు పెడల్‌కు ఉండే ఖాళీ ఆట) చూడండి. అది లేకపోతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లను నొక్కుతూనే ఉండి, మంచి ప్లేటునూ జారనిస్తుంది. అది సరిగా ఉంటే, 450–500 ఎన్ఎం రోడ్డు కారుకు గట్టి ప్రెషర్ ప్లేటు, ఆర్గానిక్ లైనింగ్ కలిపిన సెట్టే మా సలహా. సిరామిక్-మెటల్ ముక్కల ప్లేటు వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ దాన్ని మెల్లగా పట్టించడం కష్టం. ట్రాఫిక్‌లో కారు వణుకుతుంది, ప్లేటు ఆనే ఇంజను చక్రాన్నీ (ఫ్లైవీల్) తినేస్తుంది. 600 ఎన్ఎం దాటితే ట్విన్ ప్లేటు (రెండు ప్లేట్ల క్లచ్) వైపు చూడండి.

ప్రెషర్ ప్లేటు గట్టిపడేకొద్దీ పెడల్ నొక్కినంతసేపూ క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయండి. సుబారు ఎస్‌టీఐ ఆరు గేర్ల బాక్సులో ఉన్నట్టు లాగి విడదీసే పుల్ టైపు క్లచ్ అయితే, దానికి సరిపడే రిలీజ్ బేరింగే కావాలి. పుష్ టైపుది పనికిరాదు.

ప్రశ్న: ఘాట్ రోడ్డు మీద రివర్స్ చేస్తుంటే ఒకసారి మాడిన వాసన వచ్చింది. మార్చాలా?

జవాబు: ఒక్క వాసనకే గేరుబాక్సు దించక్కర్లేదు. లైనింగులోని రెసిన్ వేడెక్కితే ఆ వాసన వస్తుంది. ఓ 30 కిలోమీటర్లు నిదానంగా నడిపి, పైన చెప్పిన ఐదో గేరు పరీక్ష చేయండి. జారకుండా, బయలుదేరేటప్పుడు వణకకుండా ఉంటే వాడుకోండి. వణుకు మిగిలితే ప్లేటు గాజులా నున్నబడి ఉంటుంది, లేదా ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడి ఉంటాయి.

ప్రశ్న: క్లచ్ మార్పిస్తున్నాను. దాంతోపాటు ఏమేం చేయించాలి?

జవాబు: ఆల్-వీల్-డ్రైవ్ కారులో గేరుబాక్సు దించడమే పెద్ద పని. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి, కొన్నిట్లో ట్రాన్స్‌ఫర్ కేసు కూడా తీయాలి. అందుకే చేయాల్సినవన్నీ ఒకేసారి చేయించండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఉంటే పైలట్ బేరింగ్, ఇవన్నీ కొత్తవి వేయించాలి. ఫోర్క్ ఆనే బంతి బోల్టు అరిగితే అదీ మార్చాలి.

పాత ప్లేటును మీ చేతుల్లోకి తీసుకుని చూడండి. రివెట్ తల మీద లైనింగ్ 0.3 మిల్లీమీటరు కన్నా తక్కువ మిగిలితే అరుగుదల సహజమే. లైనింగ్ మందంగా ఉండి నల్లగా జిడ్డుగా ఉంటే సీలు కారుతోంది. ఘాటైన గంధకం వాసన వస్తే అది గేరు ఆయిలు, ఇన్‌పుట్ షాఫ్టు సీలు చూడండి. ఆ వాసన లేకుంటే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే డబ్బు దండగ.

ఫ్లైవీల్ మీద సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చేయండి, మచ్చలు మాత్రమే ఉంటే లేత్‌లో ముఖం కోయించవచ్చు. డ్యుయల్-మాస్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల) ఫ్లైవీల్ అయితే కంపెనీ ఇచ్చిన ఆట హద్దు దాటిందేమో కొలిపించండి. ఇన్‌పుట్ షాఫ్టు స్ప్లైన్ల (ప్లేటు కూర్చునే గాడుల) మీద గ్రీజు పొరగా రాసి మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి లైనింగ్ మీద పడుతుంది, కొత్త క్లచ్ వణకడానికి తరచుగా ఇదే కారణం. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. హైడ్రాలిక్ ఫ్లూయిడ్ మార్చి గాలి తీయించండి. వేడికి పాత ఫ్లూయిడ్ మరిగితే పెడల్ కిందే ఉండిపోతుంది.

ఆపైన 800 కిలోమీటర్లు ఫుల్ యాక్సిలరేటర్, లాంచ్ వద్దు. హైవే దూరం లెక్కలోకి రాదు, గేర్లు మార్చే ఊరి డ్రైవింగే ప్లేటును సర్దుతుంది.

ప్రశ్న: డ్యుయల్-క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు తానే మార్చుకునే) కారులో పెడల్ లేదు కదా, అరుగుదల బాధ లేనట్టేనా?

జవాబు: ఉంది. నిస్సాన్ ఆర్35 జీటీ-ఆర్, గోల్ఫ్ ఆర్ ఆటోమేటిక్ వంటి వాటిలో క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, అందువల్ల వేడిని ఎక్కువ తట్టుకుంటాయి. అరిగిన పొడి మాత్రం ఆ నూనెలోనే కలుస్తుంది. ఫోక్స్‌వాగన్ ఆరు గేర్ల డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకు నూనె, ఫిల్టరు మార్చాలి. లాంచ్ కంట్రోల్ వాడేవారు ఇంకా ముందే మార్చడం మంచిది. వెనక చక్రాలను కలిపే హాల్డెక్స్ క్లచ్ నూనె వేరు, చాలామంది దాన్ని మరిచిపోతారు. ఐదో తరం హాల్డెక్స్‌లో పంపు జల్లెడ మూసుకుపోయి వెనక చక్రాలకు తోపు ఆగిపోతుంటుంది. నూనె మార్చేటప్పుడు పంపు విప్పి ఆ జల్లెడ శుభ్రం చేయించండి.

ప్రశ్న: రెండు టైర్లే అరిగాయి. రెండే మార్చవచ్చా?

జవాబు: వద్దు. ముందు వెనక టైర్ల చుట్టుకొలతలు వేరైతే తిన్నగా వెళ్తున్నా ముందు వెనక చక్రాలను కలిపే సెంటర్ డిఫరెన్షియల్ లేదా కప్లింగ్ ఆగకుండా జారుతూనే ఉంటుంది. సుబారు చెప్పే హద్దు చుట్టుకొలతలో సుమారు 6 మిల్లీమీటర్లు. నాలుగూ ఒకే రకంవి వేయండి, ప్రతి 10,000 కిలోమీటర్లకు స్థానాలు మార్చండి.