నాన్నగారికి చూపించదగిన పాత చిత్రాలు

మాయాబజార్, మిస్సమ్మలను కంఠస్థం చేసిన మీ నాన్నగారికి అంతగా ప్రచారంలో లేని పాత చిత్రాలు చెప్పమన్నారు కాబట్టి, ముందుగా మల్లీశ్వరి తరువాత బి.ఎన్. రెడ్డి తీసిన 'బంగారు పాప' చూపించండి. జార్జ్ ఇలియట్ ఆంగ్ల నవల ఆధారంగా పాలగుమ్మి పద్మరాజు రచన చేసిన ఈ చిత్రంలో, చేయని నేరానికి జైలుకు వెళ్లి కరడుగట్టి తిరిగొచ్చిన కమ్మరి కోటయ్య, దొరికిన పసిబిడ్డ మూలంగా మెత్తబడే తీరును ఎస్.వి. రంగారావు చూపుతోనూ మౌనంతోనూ పలికించారు. ఘటోత్కచుడిగా మాత్రమే ఆయనను గుర్తుంచుకున్నవారికి ఇది ఆశ్చర్యమే. నడక నిదానమని ముందే చెప్పండి. ఆ తరువాత, సావిత్రి మానసిక చికిత్సాలయంలో నర్సుగా నటించిన 'చివరకు మిగిలేది' (1960) చూడవచ్చు. బుచ్చిబాబు నవలతో దీనికి పేరు తప్ప సంబంధం లేదు, మూలం బెంగాలీ చిత్రం. ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977) గొప్పదే అయినా చాలా కటువైనది, కనుక భోజనానంతర కాలక్షేపానికి మాత్రం పెట్టకండి.