రోజంతా పెట్టెలు ఎత్తే పనిలో నడుం పట్టేయకుండా ఏం చేయాలి?

సాయంత్రానికి నడుం పట్టేస్తోంది, బెల్టు కొనుక్కోమంటారా అని అడిగారు. గోడౌన్‌లో సరుకు ఎక్కించి దించే పని, తర్వాత ప్యాకింగ్ చాలాకాలం చేశాను కాబట్టి చెప్తున్నా: ఇప్పటికైతే బెల్టు జోలికి పోకండి. నడుం బాగున్నవాళ్లకు దెబ్బ తగలకుండా అది కాపాడుతుందనడానికి ఆధారం లేదని పనిచోట భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ (NIOSH) 1994లోనే చెప్పింది. పైగా బెల్టు కట్టుకున్న ధీమాతో ఇంకో పెట్టె ఎక్కువ ఎత్తుతాం, అదో తంటా.

‘మోకాళ్లు వంచి ఎత్తు’ అని అందరూ చెప్తారు. చిన్న పెట్టెకు బాగానే ఉంటుంది. మోకాళ్ల మధ్య పట్టనంత పెద్దదైతే ఎంత వంచినా అది ఒంటికి దూరంగానే ఉండిపోతుంది. నడుం విరిచేది ఆ దూరమే. నయోష్ లెక్కలో అన్నీ అనుకూలంగా ఉంటే 23 కిలోలు ఎత్తొచ్చు. అలా ఉండాలంటే పట్టుకున్న చేతులు చీలమండల నుంచి 25 సెంటీమీటర్లు దాటకూడదు. 50 అయితే పరిమితి సగానికి పడిపోతుంది. అందుకే పెట్టెను ముందుగా మీవైపు అంచుదాకా లాక్కుని, పొట్టకు ఆనించుకుని, అప్పుడు లేపండి. చొక్కా మాసిపోతుందని చేతులు చాచి మోసేవాళ్లున్నారు. ఆప్రాన్ కట్టుకుంటే పోయేదానికి నడుం పాడుచేసుకోవడం ఎందుకు?

ఎత్తాక నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పండి. ఇది తెలిసినా హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. మేం ఏం చేశామంటే, పెట్టెలు దించే బల్లను ఒక అడుగు దూరం జరిపాం. చెయ్యి అందదు కాబట్టి చచ్చినట్టు అడుగు వేసి తిరగాల్సిందే. అలాగే బరువైనవాటిని నేల మీద పెట్టనివ్వకండి. ఖాళీ ప్యాలెట్లు (సరుకు కింద వేసే చెక్క చట్రాలు) రెండు మూడు పేర్చి, వాటి మీద దించమనండి.

పొద్దున్నే వచ్చీ రాగానే బరువులకు దిగొద్దు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేచిన మొదటి గంటలో బాగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. చాలాసేపు బండి నడిపి దిగినప్పుడు కూడా కాసేపు అటూఇటూ నడిచాకే సరుకు ముట్టుకోండి.

ప్యాకింగ్ బల్ల మోచేతికి కాస్త కిందగా ఉంటే మెడ, భుజాలు లాగవు.

నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కి చూపించండి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీరు ఎత్తే పెట్టెల సైజు, బరువు, అవి ఉండే ఎత్తు రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్తాను.