నడక వేగంలో మీ మాట వినే బండిని ఎంచుకోండి

ఇంతకాలం స్కూటరే నడిపిన మీరు, ఐదడుగుల నాలుగు అంగుళాల ఎత్తుతో, పట్టణంలో తిరగడానికి సులువుగానూ సరదాగానూ ఉండే మోటార్‌సైకిల్ ఏదని అడిగారు. 400 సీసీ బండి ఒకటి మనసులో ఉందని, అంత సరదా చిన్న బండ్లలో దొరుకుతుందా అని సందేహిస్తున్నానని కూడా రాశారు. నా ఎత్తూ అంతే. మీరు తీసుకోబోతున్న నిర్ణయమే ఒకప్పుడు తీసుకుని, రెండేళ్లు దానితో అవస్థపడినవాణ్ని గనుక కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను. పట్టణంలో సరదా అనేది బండి బరువు, సీటు ఎత్తు, హ్యాండిల్ తిరిగే కోణం, తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ఇంజిన్ లాగే తీరు అనే నాలుగింటి నుంచి పుడుతుంది. సీసీలకు ఆ తర్వాతే చోటు.

నేను కొన్నది స్పోర్ట్స్ బండి. ట్యాంకు నింపితే దాదాపు 190 కిలోలు తూగేది. హ్యాండిల్ కిందికి, ముందుకు వంగి ఉండేది. ఎంత తిప్పినా కొద్ది కోణమే తిరిగేది. సీటు మీద కూర్చుంటే నా మునివేళ్లు మాత్రమే నేలకు ఆనేవి. కొన్న మూడో వారంలో ఒక సాయంత్రం, వాన వెలిసిన కాసేపటికి, ఒక ఇరుకు వీధిలోకి వెళ్లాను. వీధి చివర సామాను దించుతున్న లారీ అడ్డంగా నిలిచి ఉంది. వెనక్కి తిరగడం తప్ప వేరే దారి లేదు. వీధి కుడివైపుకు కొద్దిగా వాలి ఉందని నేను గమనించలేదు. హ్యాండిల్‌ను కుడికి పూర్తిగా తిప్పి, హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ లివర్‌ను సగమే వదిలి, మెల్లగా తిరుగుతుండగా, సైకిల్ మీద ఒక పిల్లవాడు గోడ చాటునుంచి ముందుకు వచ్చాడు. ఆలోచించే వ్యవధి లేక ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం పక్కకు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే బండి బరువంతా తిరిగిన వైపుకే ఒరుగుతుంది. కుడికాలు చాపాను. వాలు అటువైపే ఉన్నందున నేల నా పాదానికి రెండు అంగుళాల కిందుగా ఉంది. బండి దబ్బున పడలేదు. నా చేతుల్లోంచి మెల్లగా, ఆపడానికి వీల్లేకుండా ఒరిగిపోయింది. పిల్లవాడికి ఏమీ కాలేదు. బ్రేకు లివర్ విరిగింది. నా చీలమండ వారం రోజులు వాచి ఉంది.

రెండుసార్లు లేపడానికి ప్రయత్నించినా బండి కదలలేదు. నా వెనుకనే చిన్న 125 సీసీ బండి మీద వచ్చిన ఒక పెద్దాయన దిగి, "ముందు ఇంజిన్ ఆపండి బాబూ, తర్వాత చూద్దాం" అన్నారు. బండి కుడివైపు పడింది కాబట్టి పైకి ఉన్న సైడ్ స్టాండును ముందే బయటికి లాగించారు. అలా చేస్తే లేచిన బండి అటువైపు పడిపోకుండా స్టాండు మీద నిలుస్తుందన్నారు. దొర్లకుండా గేరులో వేయించారు. సీటుకు నా నడుము ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్‌ను, మరో చేత్తో వెనుక పట్టీని పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేయమన్నారు. బండి లేచింది. ఆయన తన బండి ఎక్కి, హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పి, కాలు కింద పెట్టకుండా, అదే ఇరుకులో ఒక్క చుట్టులో వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ఆ మలుపు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

ఆ తర్వాత నాకు అర్థమైన విషయం ఇది. వేగం ఉన్నంతవరకు మోటార్‌సైకిల్ చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. వేగం తగ్గేకొద్దీ నిలబెట్టే పని మన మీద పడుతుంది. పట్టణంలో బండి గడిపే సమయంలో ఎక్కువ భాగం ఈ తక్కువ వేగంలోనే. అక్కడ ప్రతి కిలో మీ చేతులకు, కాళ్లకు తెలుస్తుంది. బరువు ఎంత ఎత్తులో ఉందన్నది కూడా అంతే ముఖ్యం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది; 13 లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు పది కిలోలు బండిలో అన్నిటికన్నా పైన చేరినట్టే. అందుకే బరువు అంకెను చూసేటప్పుడు ట్యాంకు నిండుగా ఉన్నప్పటి బరువునే చూడాలి. ఖాళీ ట్యాంకు బరువు రాసి కొనేవారిని మభ్యపెట్టే ప్రకటనలంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంజిన్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. బండ్లను సమీక్షించేవాళ్లందరూ గరిష్ఠ శక్తి గురించి, సైలెన్సర్ శబ్దం గురించి అరగంట మాట్లాడతారు. ఈ బండి ఎంత వెడల్పులో వెనక్కి తిరుగుతుందో టేపు పెట్టి కొలిచి చెప్పినవాణ్ని నేను చూడలేదు. గరిష్ఠ శక్తి ఎంత ఆర్‌పీఎం దగ్గర వస్తుందో చూడండి. యమహా ఎమ్‌టీ-15లో వాల్వుల తీరును మార్చే వీవీఏ అనే ఏర్పాటు దాదాపు 7,400 ఆర్‌పీఎం దగ్గర పనిచేయడం మొదలుపెడుతుంది. తెరిపి ఉన్న రోడ్డు మీద అది గొప్ప అనుభూతి. కూడలి నుంచి కూడలికి 2,000, 4,500 ఆర్‌పీఎంల మధ్య నడిపే మనిషికి మాత్రం అది అరుదుగానే అందుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 అయితే తన 27 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, 4,000 ఆర్‌పీఎంకే ఇస్తుంది. రెండో గేరులో వేసి వదిలేస్తే స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా గేరు మార్చకుండానే లాగుతుంది. అదే 349 సీసీ ఇంజిన్ ఉన్న క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, హంటర్ 181 కిలోలు. ఈ 14 కిలోల తేడాకు తోడు హంటర్ వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) కాస్త పొట్టిది, చక్రాలు 17 అంగుళాలవి. మీ ఎత్తుకు 350 సీసీ కావాల్సిందే అనుకుంటే నేను ఒప్పుకునేది హంటర్‌నే. అయినా మొదటి బండిగా 181 కిలోలు ఎక్కువేనని నా అభిప్రాయం.

సరదా మాటకొస్తే, అది నాకు మా తమ్ముడి పాత 125 సీసీ బండి మీద దొరికింది. నా బండి మరమ్మతులో ఉన్న నెలరోజులు దానిమీదే తిరిగాను. వీధి మలుపులో శరీరం కాస్త వంచితే చాలు, బండి కూడా వంగేది. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా వేగం అదుపులోనే ఉండేది; ఇంజిన్‌ను పూర్తిగా వాడుకుంటున్నానన్న తృప్తి నా పెద్ద బండి మీద ఒక్కరోజూ కలగలేదు. చౌరస్తాలో ఆగినప్పుడు రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేవి. తొడలకు ఇంజిన్ వేడి తగిలేది కాదు, క్లచ్ పట్టి పట్టి ఎడమచెయ్యి గుంజేది కాదు. నెల తిరిగేసరికి, పనిలేకపోయినా ఒక చుట్టు తిరిగి వద్దామని బయలుదేరడం అలవాటైంది. హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్ 2017 నాటికి పది కోట్ల సంఖ్య దాటింది. క్లచ్ లివర్ లేకుండా దానంతట అదే పట్టే సెంట్రిఫ్యూగల్ క్లచ్, తేలికైన శరీరం, సులువుగా ఎక్కి దిగే ఆకారం, ఇవే దాన్ని అంతమంది చేత కొనిపించాయని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మీరు 125 నుంచి 160 సీసీల మధ్య, ట్యాంకు నిండాక 140 కిలోలు మించని, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్ల లోపు ఉన్న, హ్యాండిల్ వెడల్పుగా నిటారుగా ఉన్న బండి తీసుకోండి. టీవీఎస్ రైడర్ 125 బరువు 123 కిలోలు, సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు. మీ అవసరానికి చక్కగా సరిపోతుంది. ఇంకాస్త పికప్ కావాలంటే యమహా ఎఫ్‌జెడ్ చూడండి. 149 సీసీ ఇంజిన్ కింది ఆర్‌పీఎంలలో సాఫీగా లాగుతుంది. దొరికేచోట ఉంటే 12 అంగుళాల చక్రాలతో, దాదాపు 103 కిలోలతో వచ్చే హోండా గ్రోమ్‌ను మించిన సరదా బండి నాకు తెలియదు. వెడల్పాటి వెనుక టైరు చూసి మోసపోకండి. చూడటానికి దిట్టంగా ఉన్నా, మలుపులో బండిని వంచడానికి మీరు మరికాస్త శ్రమ పడాలి. ముందు చక్రానికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న రకం దొరికితే తప్పకుండా అదే తీసుకోండి. తడి రోడ్డు మీద అది ప్రాణాలు కాపాడుతుంది. అయితే నేను పడిన లాంటి నడక వేగపు పతనాన్ని ఏబీఎస్ ఆపలేదు. దానికి మీ చేతి అలవాటే మారాలి: తక్కువ వేగంలో హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు మీద పెట్టకుండా, వెనుక బ్రేకును పాదంతో కొద్దిగా నొక్కి ఉంచి, హాఫ్ క్లచ్‌తో బండిని లాగించుకుంటూ, చూపును వెళ్లాల్సిన వైపు నిలపాలి. ఖాళీ మైదానంలో రోజుకు పావుగంట చొప్పున వారం సాధన చేస్తే ఇది వస్తుంది. స్కూటర్ నుంచి వచ్చినవారికి వెనుక బ్రేకు కాలికి మారడమే అన్నిటికన్నా కష్టం; దానికోసమైనా ఈ సాధన అవసరం.

ట్రయల్‌కు బండి ఇచ్చేవాళ్లు తిన్నటి, ఖాళీ రోడ్డు మీదికే పంపిస్తారు. అక్కడ ఏ బండైనా బాగుంటుంది. మీరు పట్టుబట్టి ఇరుకు సందులోకి తీసుకువెళ్లండి. కాలు దించకుండా ఒక్క చుట్టులో వెనక్కి తిప్పి చూడండి, ఇంజిన్ ఆపి వాలు మీద వెనక్కి నెట్టి చూడండి, పది నిమిషాలు రద్దీలో నడిపి ఎడమ మణికట్టు ఏమంటోందో గమనించండి. రోజూ వేసుకునే పాదరక్షలతోనే వెళ్లండి. మందపాటి అడుగున్న బూట్లతో వెళ్లి, సీటు ఎత్తు సరిపోయిందని నా స్పోర్ట్స్ బండి ట్రయల్ రోజు నేను పొరబడ్డాను.