టెక్ సందేహాలు: కారు పుస్తకం ఫోన్‌లోకి వెళ్లిపోయాక

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కార్ల మీదే. అన్నిటి వెనకా ఉన్న గొడవ మాత్రం ఒకటే, కారుతో పాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్. అందుకే ఒడిశా వైపు నుంచి వచ్చినవన్నీ ఒకచోట చేర్చి రాస్తున్నాను.

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు: కొత్త కారు తీసుకున్నాం. డెలివరీ రోజున చేతిలో పెట్టింది పల్చటి చిన్న పుస్తకం, దాని మీద ఒక క్యూఆర్ కోడ్. మా నాన్నగారి అంబాసిడర్‌తో వచ్చిన పుస్తకం ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఇంజిన్ వాల్వుల ఖాళీ సరిచేసే ట్యాపెట్ సెట్టింగ్‌తో సహా అన్నీ అందులో ఉన్నాయి. లక్షలు పోసి కొన్న కారుకు ఆ పాటి పుస్తకం కూడా ఇవ్వరా?

పుస్తకం పల్చబడలేదండీ, ఫోన్‌లోకి మకాం మార్చింది. ఆ కోడ్ స్కాన్ చేస్తే కొన్ని వందల పేజీల పీడీఎఫ్ తెరుచుకుంటుంది. అయితే అందులో ఎంత వెతికినా ట్యాపెట్ సెట్టింగ్ కనపడదు. మీ అసలు బాధ అదే అనుకుంటాను.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు ఇచ్చిన పుస్తకం, మన ఈ శీర్షికలాగే, ప్రశ్న-జవాబు పద్ధతిలో ఉండేది. బండి స్టార్ట్ చేసేముందు ఏం చెయ్యాలి? రేడియేటర్‌లో శుభ్రమైన నీళ్లు పొయ్యాలి. మంచి నీళ్లు దొరక్కపోతే? పల్చటి గుడ్డలో వడకట్టి పొయ్యాలి. ఈ పద్ధతిలో సాగుతుంది. కొన్నవాడి ఊళ్లో మెకానిక్ ఉండడని రాసినవాళ్లకు తెలుసు. అంబాసిడర్ పుస్తకం కూడా ఆ కోవలోదే. ప్లగ్గులు విప్పి తుడవడం, ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చూసే పాయింట్ల గ్యాప్ సరిచూడడం, ఎన్ని మైళ్లకు ఏ జాయింటుకు గ్రీజు కొట్టాలి, ఇవన్నీ ఓనరు పనులుగానే రాసేవారు. మీ నాన్నగారి పుస్తకం మీద నల్లటి వేలిముద్రలు ఉండే ఉంటాయి. అది చదివే పుస్తకం కాదు, పక్కన పెట్టుకుని పని చేసే పుస్తకం.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కూడా ఈ పద్ధతి ఒక్కసారిగా పోలేదు. పెట్రోల్‌నూ గాలినీ కలిపే కార్బురేటర్ ఉన్నన్నాళ్లూ, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడానికి చోక్ లాగడం గురించి చెప్పక తప్పదు కదా. 2000లో కాలుష్య నిబంధనలు బిగిశాక కార్బురేటర్, పాయింట్లు పోయి, ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే కంప్యూటర్ వచ్చాయి. ఆ తరవాత ఓనరు స్క్రూడ్రైవర్‌తో సెట్ చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎక్కడ ఏం పాడైందో బండి తనకు తానే కోడ్ రూపంలో రాసిపెట్టుకుంటుంది, స్కానర్ పెట్టినవాడే దాన్ని చదవాలి.

మరి పేజీలు తగ్గాలి కదా, పెరిగాయేం? ఒకటి, హెచ్చరికలు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు అక్కడ పెట్టకూడదన్న మాట సన్ వైజర్ మీద కూడా బొమ్మేసి అంటిస్తారు. ఒకసారి కిందికి దించి చూడండి. అది తప్పకుండా చెప్పాల్సిన మాటే. రెండు, చట్టం తెచ్చిన పరికరాలు. 2019 జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ అలారం, 80 దాటితే మోగే స్పీడ్ అలర్ట్, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం. ఇక మూడోది, టచ్‌స్క్రీన్. బ్లూటూత్ కలపడం దగ్గర్నుంచి అంతా అదే.

పాత పుస్తకం ‘నువ్వే విప్పి చూసుకో’ అనేది, కొత్తది ‘డీలర్ దగ్గరికి వెళ్లు’ అంటుంది. ఎయిర్‌బ్యాగ్ విషయంలోనో, ఎలక్ట్రిక్ కారు హై ఓల్టేజీ వైర్ల విషయంలోనో ఆ మాట సబబే. ఒక చిన్న బల్బు మార్చడానికి కూడా అదే మాట రాస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మీరు చెయ్యాల్సింది, ఇంట్లో వైఫై ఉండగానే ఆ పీడీఎఫ్‌ను ఫోన్‌లో సేవ్ చేసుకోవడం. క్యూఆర్ కోడ్‌కు నెట్‌వర్క్ కావాలి, మన కొండ రోడ్ల మీద బండి ఆగేచోట అదే ఉండదు. హెచ్చరిక దీపాలు, ఫ్యూజుల పటం, జాకీ ఎక్కడ పెట్టాలి, టోయింగ్ హుక్ ఎక్కడ బిగించాలి, ఈ నాలుగు పేజీలూ ప్రింటు తీయించి డ్యాష్‌బోర్డు అరలో పడెయ్యండి. టైర్ల గాలి లెక్కకు మాన్యువల్ అక్కర్లేదు, డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది.

రాయగడ నుంచి మరొకరు: నాది బీఎస్6 (భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణం) డీజిల్ కారు. రోజూ ఇంటికీ ఆఫీసుకీ కలిపి ఏడెనిమిది కిలోమీటర్లు తిరుగుతుంది. మధ్యమధ్య ఏదో కొత్త దీపం వెలుగుతోంది, చుక్కలు నిండిన డబ్బాలాంటి బొమ్మ. తెలిసిన మెకానిక్ ‘సెన్సర్ తీసేద్దాం సార్’ అంటున్నాడు. తీయించొచ్చా?

వద్దు! అది డీపీఎఫ్ దీపం. పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత అది. బీఎస్6 డీజిల్ కార్లలో ఉంటుంది. పట్టిన మసిని తనే కాల్చేసుకోవాలి. అందుకు పొగ 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో వేడెక్కాలి. మీ ఏడెనిమిది కిలోమీటర్ల తిరుగుడులో ఇంజిన్ సరిగ్గా వేడెక్కేసరికే ఆఫీసు వచ్చేస్తుంది, మసి అక్కడే పేరుకుంటుంది.

మాన్యువల్‌లో హెచ్చరిక దీపాల అధ్యాయం తెరిచి ఈ బొమ్మ వెతకండి. ఫలానా వేగానికి తగ్గకుండా, ఇన్ని నిమిషాలు ఆపకుండా నడపండి అని స్పష్టంగా రాసి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల పైన పాతిక నిమిషాలు అన్నది తరచు కనపడే సూచన. కంపెనీని బట్టి అంకె మారుతుంది కాబట్టి మీ బండి పేజీయే ప్రమాణం. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, గోతులు లేని ముక్క చూసుకుని, పార్వతీపురం వైపో కోరాపుట్ వైపో ఓ చుట్టు వేసి రండి. అప్పటికీ ఆరకపోయినా, దీపం మిణుకుమిణుకుమంటున్నా, ఇంజిన్ దీపం కూడా తోడైనా ఇక సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

ఇంకో మాట. మాన్యువల్ చివర స్పెసిఫికేషన్ల పట్టికలో ఆయిల్ గ్రేడు పక్కన ‘ఏసీఈఏ సీ2’ లేదా ‘సీ3’ లాంటి గుర్తు ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వదిలే ఆయిల్ పొయ్యమని దాని అర్థం. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్ వదిలిన బూడిద కాలదు, అక్కడే ఉండిపోతుంది. గ్యారేజీలో డబ్బా మూత తీసేముందు లేబుల్ చూడండి. నిజం చెప్పాలంటే, మీ తిరుగుడుకు పెట్రోల్ కారు సరిపోయేది.

బరంపురం పాఠకుడు: 2017 పెట్రోల్ కారు. మాన్యువల్‌లో ఇథనాల్ 10 శాతం వరకే అని ఉంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం పోస్తున్నారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. పుస్తకం అచ్చయిన రోజు దగ్గరే ఆగిపోయింది, పెట్రోల్ ముందుకు వెళ్లిపోయింది. 2023 ఏప్రిల్ నుంచి తయారవుతున్న కార్ల విడిభాగాలు ఇ20ని, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను, తట్టుకునేవి. మీది అంతకు ముందుది. మైలేజీ పాత బండ్లలో 3 నుంచి 6 శాతం తగ్గొచ్చని 2025లో ప్రభుత్వమే చెప్పింది. కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ముందుగా మార్చాల్సి రావచ్చనీ చెప్పింది. టెన్షన్ పడకండి, కానీ సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఫ్యూయల్ పైపులు చూడమని జాబ్ కార్డులో రాయించండి. మీ మోడల్‌కు ఇ20 గురించి ఏమైనా చెప్పారా అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. నోటి మాట రేపు వారంటీ దగ్గర పనికిరాదు.

పొట్టంగి నుంచి: ఎలక్ట్రిక్ కారు. రాత్రంతా ఇంట్లో చార్జింగ్ పెట్టి, నూటికి నూరు శాతంతో పొద్దున్నే సాలూరు బయలుదేరతాను. సుంకి ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే బండి ఆగినట్టు ఉండాలి కదా, ఒక్కోసారి జారిపోతోంది. ఈమధ్య సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది, దానివల్లేనా?

అప్‌డేట్‌ను అనుమానించేముందు బ్యాటరీ శాతం చూడండి. వదిలినప్పుడు ఆగినట్టు అనిపించేది రీజెన్ వల్ల, అంటే మోటారే డైనమోలా మారి బ్యాటరీలోకి కరెంటు తోస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు పోవడానికి చోటు లేదు. అందుకని చాలా కార్లు రీజెన్‌ను తగ్గించేస్తాయి. చలి పొద్దుల్లో బ్యాటరీ చల్లగా ఉన్నా అంతే, మీ వైపు డిసెంబరు చలి సంగతి నేను చెప్పక్కర్లేదు. మాన్యువల్‌లో ఈ విషయం ‘రీజెనరేటివ్ బ్రేకింగ్’ కింద ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది, ఎవరి కంటా పడదు.

ఘాట్ దిగే రోజున చార్జింగ్ లిమిట్ 80 శాతానికి పెట్టుకోండి. దిగుతుంటే కొంత తిరిగి వస్తుంది కూడా. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి దిగొద్దు, వేడెక్కి పట్టు తప్పుతుంది. నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. దిగుడులో తక్కువ గేరు వెయ్యమని పాత పుస్తకాలు చెప్పినదానికీ, ఇలా బ్యాటరీలో రీజెన్‌కు చోటు ఉంచుకోవడానికీ పెద్ద తేడా లేదు.

ఇక అప్‌డేట్ సంగతి. రీజెన్ లెవెల్ సెట్టింగ్ మెనూలో వేరే చోటికి మారి ఉండొచ్చు, లేదా అప్‌డేట్ తరవాత మొదటికి వచ్చి ఉండొచ్చు. ఇలాంటప్పుడు కాగితం పుస్తకం తప్పు చెబుతుంది. కారు స్క్రీన్‌లోనో యాప్‌లోనో ఉన్న మాన్యువల్ చూడండి. ఘాట్‌లో బండి ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవాలి.

గుణుపురం నుంచి ఒక పాఠకురాలు: మా మామగారు నలభై ఏళ్లుగా కారు నడుపుతున్నారు, తెలుగు మాత్రమే చదవగలరు. మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఉంది. పిల్లలు ఒడియా మీడియం, వాళ్లు చదివి చెప్పలేకపోతున్నారు. తెలుగులో చదివించే దారి ఉందా?

ఉందమ్మా. ఒక్క పేజీ అయితే గూగుల్ లెన్స్ చాలు. కెమెరా పేజీ మీద పెట్టి తెలుగు ఎంచుకుంటే అక్కడికక్కడే మారుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగిన గుర్తును ఫొటో తీసి వెతికినా సాధారణంగా పట్టేస్తుంది. ఆ గుర్తులు చాలావరకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేసినవే. ఎరుపు వెలిగితే వెంటనే పక్కకు ఆపమని, పసుపు వెలిగితే త్వరలో చూపించమని. ఈ రెండూ మామగారికి చెప్పి ఉంచండి.

మొత్తం పుస్తకం కావాలంటే, కంపెనీ వెబ్‌సైట్ నుంచి పీడీఎఫ్ దించి, ఫైలు తీసుకునే ఏఐ చాట్ టూల్‌లో అప్‌లోడ్ చేసి తెలుగులో అడగండి. మైకు నొక్కి మాట్లాడితే చాలు, మామగారే అడగొచ్చు. కాకపోతే ఒక తిరకాసు ఉంది. ఒకే మాన్యువల్‌లో పెట్రోలు, డీజిలు, గేర్ల బండి, ఆటోమేటిక్ అన్నీ కలిపి రాస్తారు. ఆయిల్ ఎన్ని లీటర్లు అని అడిగితే, ఆ టూల్ పక్క వరసలోని డీజిల్ అంకెను ధీమాగా చెప్పేయగలదు. అందుకని ‘ఏ పేజీలో ఉంది?’ అని కూడా అడిగి, ఆ పేజీ తెరిచి మీ వేరియంట్ పేరు ఎదురుగా ఉన్న అంకెను మీరు ఒకసారి సరిచూడండి. బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఆయిల్ గ్రేడు, ఫ్యూజు ఆంపియర్లు, ఈ అంకెలన్నిటికీ అంతే. వాటిని తెలుగులో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి సన్ వైజర్‌కు గుచ్చితే, గ్యారేజీలో మామగారు ఎవరినీ అడగక్కర్లేదు.