తుమ్మితే తడుస్తోందా? మామూలే అని ఊరుకోకండి

“నార్మల్ డెలివరీ అయి ఐదు నెలలైంది. దగ్గినా తుమ్మినా యూరిన్ లీకవుతోంది. దానంతటదే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?” అని మీలో ఒకరు అడిగారు. కొందరికి మొదటి నెలల్లోనే తగ్గిపోతుంది. ఐదు నెలలైనా ఉందంటే ఇంక ఆగకండి. నేను రెండేళ్లు ఆగాను.

నా తొలి కాన్పు 2016లో, ఇక్కడే వైజాగ్‌లో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. పాప 3.7 కిలోలు. చివర్లో ఒకావిడ పొట్ట మీద మోచేత్తో నొక్కింది, డాక్టరుగారు ఫోర్సెప్స్ (బిడ్డ తలని పట్టుకునే పటకారు లాంటిది) పెట్టి లాగారు. ఎన్ని కుట్లు పడ్డాయని అడిగితే “అవన్నీ నీకెందుకమ్మా, బిడ్డ బాగుంది కదా” అన్నారు. డిశ్చార్జి కాగితంలో పాప బరువు గ్రాములతో సహా ఉంది. నాకు ఎంత చిరిగిందో ఒక్క ముక్క లేదు. చిరుగు మలద్వారాన్ని బిగించే కండరం దాకా వెళ్తే మూడో డిగ్రీ, పేగు లోపలి పొర దాకా వెళ్తే నాలుగో డిగ్రీ. ఇది మనకి చెప్పి తీరాల్సిన విషయం. పొట్ట మీద అలా నొక్కొద్దని, నార్మల్ డెలివరీలో అందరికీ అలవాటుగా కింద కోత పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రాసింది కూడా.

ఆ 2018 ఆషాఢంలోనే అమ్మా నేనూ సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లాం. 32 కిలోమీటర్లు. పాప పుట్టాక చేస్తానని మొక్కుకున్నది. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ముడసర్లోవ దాకా బాగానే ఉన్నాను. హనుమంతవాక వచ్చేసరికి కింద బరువు మొదలైంది. అప్పుఘర్ దగ్గర జనం సముద్రస్నానాలకి దిగుతుంటే నేను రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాను. కింద నిమ్మకాయంత ఉండ ఏదో జారి ఆగినట్టుంది. చీర తడిసింది. సన్నటి వాన పడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

“ఏటే, అలాగైపోయావు?” అంది అమ్మ. చెవిలో చెప్పాను. ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి పాత నూలుచీర ముక్క తీసి చేతిలో పెట్టింది. నాలుగు మడతలు, అంచులు కుట్టి ఉన్నాయి. సంచిలో ఇంకో మూడున్నాయి. ఇవెందుకమ్మా నీ దగ్గర అన్నాను. “నువ్వు పుట్టిన కాణ్ణించీ ఉన్నదేనే. ఆడదానికి మామూలే” అంది. అప్పటికి నాకు 29 ఏళ్లు. అన్నేళ్లుగా అమ్మ ఆ గుడ్డముక్కలు ఉతికి ఎక్కడ ఆరేసిందో నేను ఎప్పుడూ చూడలేదు.

మొక్కు అక్కడే ఆపేసి ఆటో ఎక్కాం. వారంలో ఇద్దరం గైనకాలజిస్టు దగ్గరికెళ్లాం.

నాకు మూత్రాశయం కొద్దిగా కిందికి జారిందన్నారు. బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు కింద ఆసరాగా ఉండే కండరం మూడు రెట్లకి పైగా సాగుతుందట. కొందరికి అది ఎముక దగ్గర ఊడిపోతుంది కూడా, ఫోర్సెప్స్ పెడితే ఆ ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ ఇప్పుడే వద్దని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ గ్లవ్ వేసుకుని పరీక్ష చేసి చెప్పిన మాట: “మీరు పైకి లాగట్లేదు, కిందికి ముక్కుతున్నారు.” ఏడాదిగా వీడియోలు చూసి నేను చేస్తున్న వ్యాయామమంతా తిరగబడి ఉంది! గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు బిగిస్తామే, అలా బిగించి లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఒక్కో విడత 8 సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. తుమ్ము వస్తోందనగానే ముందే బిగించాలి. నాకు నాలుగో నెలలో తేడా తెలిసింది. అమ్మకి బాగా జారిపోవడంతో జారింది పైకి ఆగేలా లోపల సిలికాన్ రింగు పెట్టారు. ఈ లీకవడానికి వ్యాయామం ఉందని కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశాడు. మా అమ్మకి మాత్రం 2018 దాకా ఎవరూ చెప్పలేదు.

మన పథ్యం సంగతి కూడా చెప్పాలి. నీళ్లు ఎక్కువిస్తే బాలింతకి పొట్టొస్తుందని నాకు గ్లాసు కొలిచి ఇచ్చారు. కూరల్లేవు, కారప్పొడీ వెల్లుల్లీ అన్నమే. మలబద్ధకం రాక ఏమవుతుంది? పచ్చి కుట్ల మీద రోజూ ముక్కాను. నా పరిస్థితిలో సగం అక్కడే పాడైందని నా నమ్మకం, ఎవరేమన్నా సరే. పీచున్న కూరలు తినండి, దాహమేసినంత నీళ్లు తాగండి. సిజేరియనైతే ఈ బాధే ఉండదనే వాళ్ల మాటా పూర్తిగా నమ్మకండి, తొమ్మిది నెలలు మోసిన బరువు ఆ కండరం మీదే కదా పడింది.

మీరు ఈ వారమే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. గ్యాస్, మలం కూడా ఆగకపోతే ఆ మాట ముందు చెప్పండి, దాని వైద్యం వేరు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వండి. నేను అలాగే ఇచ్చాను, అమ్మది కూడా నేనే రాశాను.