పాత స్కూలు మాట కొత్త ఉద్యోగానికి అడ్డుపడితే

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. దుబాయ్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో రెండేళ్లకు పైగా పనిచేసింది. నా భార్యకు ఆపరేషన్ కావడంతో నవంబరులో రాజీనామా ఇచ్చి, నోటీసు పూర్తి చేసి వచ్చేసింది. ఇప్పుడు షార్జాలో మరో స్కూల్ ఇంటర్వ్యూ, డెమో అన్నీ బాగా జరిగాయి. ఆఫర్ లెటర్ పంపుతామన్నవాళ్లు పాత ప్రిన్సిపల్‌తో మాట్లాడాక ‘ఫీడ్‌బ్యాక్ బాగా లేదు’ అని ఆపేశారు. నేనే ఆ ప్రిన్సిపల్‌కి ఫోన్ చేసి గట్టిగా అడిగాను, ఫలితం లేదు. రెజ్యూమెలో ఆ స్కూలు పేరు తీసేయమంటారా? హైదరాబాద్‌లో ఒకాయన ఆ రెండేళ్లకూ వేరే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. మా బావమరిది వేరే స్కూల్ హెచ్ఆర్‌లా ఫోన్ చేసి, ప్రిన్సిపల్ ఏం చెబుతాడో రికార్డ్ చేస్తానంటున్నాడు. సంబంధాలు కూడా చూస్తున్నాం. మళ్లీ గల్ఫ్‌కే ప్రయత్నించాలా, యూకే వెళ్లాలా, ఇక్కడే ఉండిపోవాలా? పోల్చి చెప్పగలరు. – ఖమ్మం నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు అడిగింది పోలిక. మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం వేరే భయం. పిల్ల మీద మచ్చ పడిపోయింది, ఇక ఏ స్కూలూ గడప తొక్కనివ్వదు అని. ముందు దానికి జవాబు చెబుతాను. అలాంటిదేమీ జరగలేదు. ఒక స్కూలు ఒక ఫోన్ మాట విని వెనక్కి తగ్గింది, అంతే. ఇంటర్వ్యూలోనూ డెమోలోనూ మెప్పించిన మ్యాథ్స్ టీచర్‌ని ఒక ప్రిన్సిపల్ మాట ఇంట్లో కూర్చోబెట్టలేదు. కొంత ఆలస్యం చేయగలదు. ఆ ఆలస్యాన్ని తగ్గించడం ఎలా అన్నదే మన పని.

అసలు ఆయన ఏం చెప్పాడో మీకు తెలుసా? తెలియదు. ‘బాగా లేదు’ అన్న ఒక్క ముక్క మీద ఇంటిల్లిపాదీ నిద్ర మానుకున్నారు. రెఫరెన్స్ అడిగేటప్పుడు చాలా స్కూళ్లు ఒక ఫారం పంపుతాయి. ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, హాజరు ఎలా ఉంది, క్లాసు మీద పట్టు ఎలా ఉంది అన్న గళ్లు ఉంటాయి. చివర్లో రెండు ప్రశ్నలుంటాయి: ఈ టీచర్‌ని మళ్లీ తీసుకుంటారా? పిల్లల మధ్య ఉంచడానికి అభ్యంతరం ఏమైనా ఉందా? మొదటిదానికి ‘లేదు’ అని టిక్కు పడితే అది కోపం కావచ్చు. రెండోదానికి ‘ఉంది’ అని పడితే అది చాలా పెద్ద మాట. ఈ రెండింటినీ మీరు ఒకే గాటన కట్టి భయపడుతున్నారు. నాకు అనిపించేది మొదటిదే. రెండోది పడి ఉంటే షార్జా వాళ్లు ‘ఫీడ్‌బ్యాక్’ అంటూ మర్యాదగా సర్దిచెప్పి ఊరుకునేవారు కాదు.

ఇంకో మాట, మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఆ ప్రిన్సిపల్ కోపంలో న్యాయం కొంత ఉంది. ఫిబ్రవరిలో పదో తరగతి బోర్డు పరీక్షలు పెట్టుకుని మ్యాథ్స్ టీచర్ నవంబరులో రాజీనామా ఇస్తే, మిగిలిన సిలబస్‌కి, ప్రీబోర్డులకి ఆయన ఎవర్ని తెచ్చుకోవాలి? తల్లి ఆపరేషన్ నిజం, అమ్మాయి రావడం సబబే, నోటీసు కూడా పూర్తి చేసింది. ఆమె తప్పేమీ లేదు. కానీ అవతల నష్టం జరిగిందని ఒప్పుకుని మాట్లాడే టీచర్‌ని కొత్త స్కూలు నమ్ముతుంది. ‘మా ప్రిన్సిపల్ మంచివాడు కాదు’ అనే టీచర్‌ని నమ్మదు, రేపు మన గురించీ ఇలాగే అంటుంది కదా అనుకుంటుంది.

ఇప్పుడు మీ ఫోన్ సంగతి. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏళ్లున్న ఉపాధ్యాయురాలి తరఫున తండ్రి ఖమ్మం నుంచి ఫోన్ చేసి ప్రిన్సిపల్‌ని నిలదీస్తే ఆయన మనసులో ఏం మిగులుతుంది? రేపు ఇంకో స్కూలు అడిగితే ‘వాళ్ల నాన్న ఫోన్ చేసి గొడవపడ్డారు’ అన్నది కూడా చేరుతుంది. మీ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ పిల్ల ఉద్యోగం పిల్లదే. ఆ ఫోన్ వల్ల ఆమె విలువ ఒక మెట్టు తగ్గింది. ఇకమీదట ఆ స్కూలుకు వెళ్లే ప్రతి మాటా ఆమె నోటి నుంచి, ఆమె మెయిల్ నుంచే వెళ్లాలి.

మీ బావమరిదిని ఈరోజే ఆపండి. యూఏఈలో అవతలి మనిషి అనుమతి లేకుండా ఫోన్ రికార్డ్ చేయడం నేరం. 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టంలో అది స్పష్టంగా ఉంది. టీచర్ల ఫేస్‌బుక్ గ్రూపుల్లోనో వాట్సాప్‌లోనో ఆ స్కూలు గురించి తిట్టి రాసినా అదే చట్టం కిందికి వస్తుంది. పరువు నష్టం కేసులో జరిమానా రెండున్నర లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది, జైలు కూడా పడొచ్చు. మీ అమ్మాయి మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టాలనుకుంటున్నప్పుడు ఈ సరదాలు వద్దు.

హైదరాబాద్ సర్టిఫికెట్ అయితే ఇంకా ఘోరం. ఆమె రెండేళ్లు దుబాయ్‌లో ఉన్నట్టు పాస్‌పోర్టు చెబుతుంది, ఎమిరేట్స్ ఐడీ చెబుతుంది, పాత వర్క్ పర్మిట్ చెబుతుంది. అదే కాలానికి ఇక్కడి స్కూల్లో పనిచేసినట్టు కాగితం చూపిస్తే ఎవరు నమ్ముతారు? నకిలీ పత్రం ఇచ్చినట్టు తేలితే నోటీసు కూడా లేకుండా తీసేయొచ్చని అక్కడి కార్మిక చట్టం 44వ అధికరణంలోనే ఉంది, పోలీసు కేసు వేరే. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది నిజాయితీగా పనిచేసిన రెండేళ్లు. వాటిని చేతులారా అబద్ధం చేసుకోకండి. రెజ్యూమెలోంచి స్కూలు పేరు తీసేయడం కూడా వద్దు. రెండేళ్ల ఖాళీ కనబడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

ఇక చేయాల్సినవి. ఇవి అమ్మాయికి చూపించండి.

అమ్మా, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ వేరు, రెఫరెన్స్ వేరు. మొదటిది నీ హక్కు, రెండోది అవతలివాళ్ల అభిప్రాయం. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు డిక్రీ, 13వ అధికరణం ఏం చెబుతుందంటే, ఉద్యోగం ముగిశాక నువ్వు అడిగితే స్కూలు ఉచితంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, చివరి జీతం, మానేసిన కారణం అందులో ఉండాలి. నీ పరువుకు నష్టం కలిగించేది, నీ ఉద్యోగ అవకాశాలు తగ్గించేది ఏదీ అందులో రాయకూడదు. నీ దగ్గర అది ఉందో లేదో మీ నాన్నగారు రాయలేదు. లేకపోతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు. ఫోన్ కాదు, మెయిలే. చాలామంది వచ్చే హడావిడిలో గ్రాట్యుటీ లెక్క చూసుకుని విమానం ఎక్కేస్తారు, ఈ కాగితం గుర్తుండదు.

ఆ తర్వాత ప్రిన్సిపల్‌కి చిన్న మెయిల్ రాయి. వాదన వద్దు. బోర్డు పరీక్షల ముందు వెళ్లాల్సి వచ్చినందుకు స్కూలుకు ఇబ్బంది కలిగిందని తెలుసు, నోటీసులో చివరి రోజు దాకా పాఠాలు చెప్పి నోట్స్ అప్పగించి వచ్చాను, మా నాన్నగారు ఫోన్‌లో ఆవేశపడ్డందుకు మన్నించండి, ఇకమీదట ఎవరైనా అడిగితే ఉద్యోగ కాలం, హోదా వరకు హెచ్ఆర్ ద్వారా ధ్రువీకరిస్తే చాలు. అంతకుమించి ఒక్క వాక్యం వద్దు. ఇలాంటి మెయిల్‌కి జవాబు రాకపోయినా పనిచేస్తుంది. కోపం కొంత చల్లారుతుంది, తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే మాట జాగ్రత్తగా వస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రెఫరెన్స్ అంటే ప్రిన్సిపల్ ఒక్కడే అని ఎవరు చెప్పారు? నీ క్లాసులు కూర్చుని చూసిన మ్యాథ్స్ హెచ్‌ఓడీ, అంటే ఆ విభాగం పెద్ద, ఉంటారు, సెక్షన్ సూపర్‌వైజర్ ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఆ స్కూలు మానేసి వేరే చోట చేరి ఉంటే ఇంకా మంచిది, భయం లేకుండా మాట్లాడతారు. ముందుగా వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే పేరు ఇవ్వు. నీ క్లాస్ అబ్జర్వేషన్ రిపోర్టులు, వార్షిక అప్రైజల్ కాగితం, నువ్వు చెప్పిన బ్యాచ్ పదో తరగతి ఫలితాల పట్టిక నీ దగ్గర ఉంటే ఒక ఫైల్‌గా పెట్టుకో. పిల్లల పేర్లు, ఫొటోలు మాత్రం అందులో ఉండకూడదు. ప్రిన్సిపల్ సంతకంతోనే ‘చాలా బాగుంది’ అని ఉన్న అప్రైజల్ ముందు ఆయన ఫోన్ మాట బరువు ఎంతో నువ్వే ఊహించుకో.

చివరిగా, కొత్త స్కూలు పాత స్కూలుకు ఫోన్ చేసేదాకా ఆగకు. ఇంటర్వ్యూలో ఆఫర్ మాట వచ్చేటప్పుడు నువ్వే చెప్పు. ‘అమ్మ ఆపరేషన్ వల్ల విద్యా సంవత్సరం మధ్యలో రావాల్సి వచ్చింది. మా ప్రిన్సిపల్‌కి అది నచ్చలేదు, ఆయన రెఫరెన్స్‌లో అది కనబడవచ్చు. నా పని గురించి మా హెచ్‌ఓడీ చెబుతారు, ఇవి నా అప్రైజల్స్.’ నాలుగు ముక్కలు, కంగారు లేకుండా. ముందే విన్న మాట తర్వాత ఫోన్‌లో వినబడితే వాళ్లకు కొత్తగా ఉండదు. షార్జా స్కూలుకు కూడా ఇదే మెయిల్‌గా పంపు. ఆ సీటు నిండిపోయినా ఆ హెచ్ఆర్‌కి నీ పేరు సవ్యంగా గుర్తుంటుంది.

పిల్లల భద్రత గురించి ఆయన నిజంగానే అబద్ధం చెప్పాడని తేలితే మాత్రం ఈ మెత్తదనం పనికిరాదు. ఆ రోజే స్కూలు యాజమాన్యానికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపాలి, అక్కడి న్యాయవాదిని సంప్రదించాలి.

ఇక మళ్లీ తండ్రిగారితో. గల్ఫా, యూకేనా, ఇక్కడా అన్నారు. యూకే మోజు ఈమధ్య బాగా పెరిగింది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశపు మ్యాథ్స్, సైన్స్, భాషా టీచర్లు ఇంగ్లండ్‌లో క్యూటీఎస్ అనే ఉపాధ్యాయ అర్హతకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, ఏజెంట్లు దాన్ని వీసాలా అమ్ముతున్నారు. క్యూటీఎస్ వీసా కాదు, ఉద్యోగం అసలే కాదు. స్పాన్సర్ చేసే స్కూలు దొరకాలి. మీరు రెఫరెన్స్ తప్పించుకోవడానికి అక్కడికి పంపాలనుకుంటే అది తిరగేసిన ఆలోచన. ప్రపంచంలో రెఫరెన్స్‌ని అంత పట్టుగా అడిగే చోట్లు తక్కువ. ‘ఎవరికైనా చూపవచ్చు’ అన్నట్టు రాసిన ప్రశంసా పత్రాలను వాళ్లు నమ్మరు, నేరుగా పాత స్కూలునే అడుగుతారు. ఒక మేలు మాత్రం ఉంది. రుజువు కాని ఆరోపణలు, తప్పని తేలిన ఆరోపణలు రెఫరెన్స్‌లో రాయకూడదని అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతాయి.

నా అసలు అనుమానం దేశం గురించి కాదు. ‘టీచింగ్ అబ్రాడ్’ అని మనం పిల్లల్ని పంపే పద్ధతి గురించి. వీసా, ఉండే హక్కు, జీతం, రేపటి రెఫరెన్స్ అన్నీ ఒకే యాజమాన్యం చేతిలో ఉంటాయి. మీ అమ్మాయి లాంటి వాళ్లు వారానికి ఎన్నో పీరియడ్లు, డ్యూటీలు, ఇంటికొచ్చాక దిద్దుబాట్లు మోస్తూ నోరు మెదపకపోవడానికి కారణం అదే. నెలాఖరుకు అద్దె, ఖర్చులు పోగా మిగిలేది ఎంతో అడిగే తండ్రులు అరుదు. దిర్హాముల్ని రూపాయల్లోకి గుణించి సంబరపడేవాళ్లే ఎక్కువ. నిజంగా చెప్పండి, ఆమెను మళ్లీ పంపాలన్న తొందర ఆమెదా, మీదా? సంబంధాలవాళ్లకు ‘దుబాయ్‌లో టీచర్’ అని చెప్పేశాం కాబట్టి అన్న తొందర అయితే, దానికి పిల్ల భుజాలు అరువు తీసుకోకండి. తల్లి దగ్గర ఉండాలని వచ్చిన పిల్ల ఇంకో ఆరు నెలలు ఉంటే కొంప మునగదు.

ఇక్కడ ఉంటే డీఎస్సీ సంగతి మీకు తెలిసిందే, అందులో పాత ప్రిన్సిపల్ అభిప్రాయంతో పని లేదు. మన కార్పొరేట్ కాలేజీలు, స్కూళ్లు డెమో చూసి తీసుకుంటాయి. హైదరాబాద్‌లోని ఐబీ, కేంబ్రిడ్జ్ లాంటి అంతర్జాతీయ సిలబస్ స్కూళ్లు రెఫరెన్స్ అడుగుతాయి, కానీ గల్ఫ్ అనుభవానికి విలువ ఇస్తాయి. ఇక్కడ ఒక ఏడాది మంచి స్కూల్లో చేస్తే తాజా రెఫరెన్స్ చేతికి వస్తుంది, దుబాయ్ మాట వెనక్కి పోతుంది. గల్ఫే కావాలని అమ్మాయే అంటే, అదీ కష్టం కాదు. పైన చెప్పిన ఫైలూ, నాలుగు ముక్కలూ ఆమెతో ఉంటే చాలు. నన్ను తప్పనిసరిగా ఒకటి ఎంచమంటే, తల్లి కోలుకునేదాకా హైదరాబాద్, ఆ తర్వాత ఆమె ఇష్టం.

ముందు ఆ సర్టిఫికెట్ తెప్పించుకోండి. మెయిల్ పెట్టిన రెండు వారాలకూ స్కూలు పలకకపోతే, మొహ్రే అని పిలిచే అక్కడి మానవ వనరుల శాఖకు అమ్మాయే ఫిర్యాదు చేయవచ్చు. ఉద్యోగం ముగిసిన రెండేళ్లలోపు అడగాలన్న గడువు ఉంది కాబట్టి వాయిదా వేయొద్దు.